సవరం, క్లిప్పులు, టేపు, రింగులు: కడప ఎండలో ఏది నిలిచింది?

జుట్టు ఎక్స్‌టెన్షన్లు, అంటే సొంత జుట్టుకు కలుపుకునే అదనపు జుట్టు, అమ్మేవారు చూపించే ఫొటోలన్నిటిలోనూ అమ్మాయిలు జుట్టు విరబోసుకునే ఉంటారు. తలకు నూనె పెట్టుకుని, జడ అల్లుకుని, దాని మీద హెల్మెట్ బిగించుకుని ఎర్రముక్కపల్లె నుంచి బడికి స్కూటీ మీద పోయే మనిషి ఆ ఫొటోల్లో ఒక్కరూ కనపడరు. నేను ఆ రకం మనిషిని. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ సమీక్ష నాలాంటి తలల కోసం. విరబోసుకునే వారికి ఇందులో కొంత పనికివస్తుంది, కొంత పనికిరాదు.

డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకు నాకు జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడింది. జ్వరం ఉన్నప్పుడు ఒక్క వెంట్రుక రాలలేదు; అంతా నయమైంది, హమ్మయ్య అనుకున్నాక మొదలైంది. చర్మవ్యాధుల డాక్టరు ఇది మామూలేనన్నారు. పెద్ద జ్వరమో, ప్రసవమో, ఆపరేషనో అయినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం మానేసి విశ్రాంతి దశలోకి పోతాయట, కొన్ని వారాల తర్వాత అవన్నీ కలిసికట్టుగా రాలతాయట. కుదుళ్లు చావవు కాబట్టి మళ్లీ వస్తుంది. అయితే వెంట్రుక పెరిగేది నెలకు సుమారు ఒక సెంటీమీటరు. ఎలుకతోకలా మిగిలిన నా జడ మళ్లీ నడుము దాకా రావాలంటే అరవై సెంటీమీటర్లు, అంటే ఐదేళ్లు. మా తమ్ముడి కూతురి పెళ్లి ముహూర్తం అప్పటికే పెట్టేశారు.

సవరంతో మొదలుపెడతాను. పాత వస్తువు మీద మమకారంతో కాదు, తక్కినవాటిని కొలవడానికి నాకు కొలబద్దగా మిగిలింది అదే కాబట్టి. వై.వి. స్ట్రీట్ వైపు గాజులు, రిబ్బన్లు అమ్మే అంగళ్లలో అడిగితే ఇప్పటికీ లోపలి నుంచి తీసి చూపిస్తారు. నైలానుది కొన్ని వందల్లో వస్తుంది, అసలు జుట్టుది పొడవును బట్టి వేలల్లోకి పోతుంది. అంగడాయన రెండింటినీ ‘ఒరిజినలే మేడమ్’ అని ఒకే గొంతుతో చెబుతాడు. వాదించకుండా ఒక వెంట్రుక లాగి అగ్గిపుల్ల దగ్గర పెట్టండి. అసలు వెంట్రుకైతే కాలిన కమురు వాసన వచ్చి వేళ్ల మధ్య పొడి అవుతుంది. నైలాను కరిగి చిన్న గట్టి పూసలా ముడుచుకుంటుంది. రెండు సెకన్ల పని.

మూడు పాయల సవరమే కొనండి. పైన దారంతో బిగించి చుట్టిన మెడ, దానికి ఒక ఉచ్చు, కింద మూడు పాయలు ఉంటాయి. సొంత జుట్టును మన మెడ వెనక నల్లదారంతో కట్టి, ఆ కట్టుకు ఉచ్చు తగిలించి, సొంత పాయ ఒక్కోదానికి సవరం పాయ ఒక్కోటి జతచేసుకుంటూ అల్లాలి. మొదటి నాలుగు మెలికలు బిగువుగా పడాలి. తర్వాత చెయ్యి వదిలినా జడ దానంతట అది కుదురుకుంటుంది. ఇందులో నాకు నచ్చిన విషయం బరువు. సవరం బరువు ఏ నాలుగు వెంట్రుకల మీదో పడదు. మెడ దగ్గర కట్టిన మొత్తం జుట్టు మీద పడుతుంది. రాత్రి విప్పి మేకుకు తగిలించేస్తాం, తల తేలికపడుతుంది. నూనె రాసుకున్నా, సాంబ్రాణి పొగ వేసుకున్నా, హెల్మెట్ పెట్టుకున్నా దానికి పట్టింపు లేదు, ఎందుకంటే అది మాడును తాకనే తాకదు. పెళ్లిలో పూలజడ కుట్టాలన్నా, జడగంటలు వేలాడదీయాలన్నా పట్టుకునేందుకు గట్టి జడ కావాలి. ఆ గట్టిదనం సవరం ఇస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. జడకో కొప్పుకో తప్ప దేనికీ పనికిరాదు. నడినెత్తిన పలచబడిన చోట దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైన పలచగా, కింద లావుగా ఉన్న జడను దగ్గరగా చూసిన వాళ్లెవరైనా ఇట్టే కనిపెడతారు. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు కనిపెట్టారు. సొంత జుట్టు మరీ కొంచెమే ఉంటే కట్టు జారుతుంది. అన్నిటికంటే పెద్ద బాధ చిక్కు.

ఈ చిక్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ పద్ధతి ఎంచుకున్నా మీరు కొనేది చివరికి జుట్టునే. మా వీధిలోకి ‘చిక్కు వెంట్రుకలు కొంటాం’ అంటూ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దువ్వెనకు వచ్చిన జుట్టును ఉండ చుట్టి గోడ సందులో దాచి, అది పోగయ్యాక మా అవ్వ స్టీలు గిన్నెలు తీసుకునేది. అసలు జుట్టువే అయినా చౌకగా దొరికే సవరాలు, క్లిప్పులు చాలావరకు అలా పోగైన జుట్టుతో చేసినవే. వెంట్రుక మీద కంటికి కనపడనంత సన్నని పొలుసులుంటాయి, అవి కుదురు నుంచి కొన వైపుకు వాలి ఉంటాయి. ఉండ చుట్టిన జుట్టులో ఒకదాని కుదురు పక్కన ఇంకొకదాని కొన పడుతుంది. ఎదురుబొదురు పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, చిక్కు పడుతుంది. దీన్ని దాచడానికి కొందరు తయారీదారులు ఆమ్లంలో ముంచి పొలుసులు తీసేసి, పైన సిలికాన్ పూత పూస్తారు. అంగట్లో చేత్తో నిమిరితే పట్టులా జారుతుంది. తలంటుకున్నకొద్దీ ఆ పూత పోయి అసలు రూపం బయటపడుతుంది. మా బోరునీళ్లకైతే ఇంకా తొందరగా.

కుదుళ్లన్నీ ఒకవైపు, కొనలన్నీ ఒకవైపు ఉండేలా పట్టి తీసిన జుట్టును వ్యాపారంలో రెమీ అంటారు. డబ్బాల మీద ఆ మాట ఎవరైనా అచ్చువేస్తారు కాబట్టి మీరే చూసుకోండి. ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, పక్కకు లాగకుండా మెల్లగా ముందుకూ వెనక్కూ నలపండి. పొలుసులు ఉన్న వెంట్రుక తనంతట తానే ఒకే దిక్కుకు, కుదురు వైపుకు జరుగుతుంది. కుచ్చులోంచి నాలుగైదు తీసి చూస్తే, అన్నీ ఒకే దిక్కుకు పోతే అది రెమీ. కొన్ని పైకి, కొన్ని కిందికి పోతే కలగాపులగం. ఎటూ కదలకపోతే పొలుసులు తీసేసినది.

రెమీ జుట్టుకు ప్రపంచంలో పేరున్న చోటు మనకు దగ్గరే. తిరుమల కల్యాణకట్టలో భక్తులిచ్చే తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తుంది. 31 అంగుళాలు దాటినది మొదటి రకం, 16 నుంచి 30 దాకా రెండోది, అలా కిందికి 5 అంగుళాలలోపు ముక్కల వరకు. పొడవాటిది చాలావరకు విదేశాలకు పోతుంది. 2004లో న్యూయార్క్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ సంప్రదాయ యూదులు భారతీయ జుట్టుతో చేసిన విగ్గులను వీధుల్లో తగలబెట్టారు కూడా. విగ్రహారాధనలో అర్పించిన జుట్టు ధరించరాదని వారి మతగురువులు తీర్పిచ్చారు. మా అత్తగారి అభ్యంతరం వేరు. దేవుని కడపలో దణ్ణం పెట్టుకుని కొండకు పోయి స్వామికిచ్చి వచ్చినదాన్ని మళ్లీ డబ్బిచ్చి కొని తలకెక్కించుకోవడమేమిటని ఆవిడ ప్రశ్న. ‘ఇచ్చింది నేను కాదు కదత్తయ్యా’ అన్నాను. ‘ఎవరిచ్చినా ఇచ్చిందే’ అన్నారు. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

ఇక క్లిప్పులు. 18 అంగుళాల పొడవు, వంద గ్రాముల బరువున్న సెట్టు నాకు ఆరున్నర వేలయింది. అడ్డపట్టీకి కుట్టిన జుట్టు, పట్టీకి లోపలివైపు టక్కున మూసుకునే చిన్న క్లిప్పులు. వెనక కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, పాపిటకు రెండు వేళ్ల దూరంలో ఆగాలి. చెంపల దగ్గర మాత్రం పెట్టకండి. అక్కడి వెంట్రుకలు సన్నవి, రోజూ లాగితే ముందు పోయేవి అవే. ఒకే చోట పదేపదే లాగడం వల్ల వచ్చే బట్టతలకు వైద్యంలో ప్రత్యేకంగా పేరే ఉంది. అది ఎక్కువకాలం సాగితే కుదుళ్లు శాశ్వతంగా దెబ్బతింటాయి.

రిసెప్షన్లకు, ఫొటోలకు, జుట్టు సగం కట్టి సగం వదిలే రోజులకు క్లిప్పులను మించినది లేదు. కావలసినప్పుడు పెట్టుకుంటాం, ఇంటికి రాగానే తీసేస్తాం, ఎవరి సాయమూ అక్కర్లేదు. తలకు నూనె ఉంటే మాత్రం జారతాయి. తలంటుకున్న మర్నాడు, క్లిప్పు పడే చోట కుదుళ్లను సన్నదువ్వెనతో వెనక్కి రెండుసార్లు దువ్వి పెడితే పట్టు దొరుకుతుంది. జడలోకి కలుపుదామంటే పట్టీలు గట్టిగా తగులుతూ ఉబ్బెత్తుగా కనపడతాయి. బస్సులో సీటుకు తల ఆనించలేం. పొరపాటున కూడా వాటితో నిద్రపోవద్దు.

రంగు విషయం ఇక్కడే చెప్పేస్తాను. రంగులకు అంకెలుంటాయి. 1 అంటే కాటుక నలుపు, 1బి అంటే మామూలు నలుపు, 2 అంటే బాగా ముదురు గోధుమరంగు. మనలో చాలామందికి సరిపోయేది 1బి. అంగట్లోని ట్యూబులైటు కింద అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వీధిలోకి తెచ్చి ఎండలో, మీ జుట్టు కొనల పక్కన పెట్టి చూడండి. గోరింటాకు పెట్టుకునే అలవాటుంటే ఎర్రజీర ఇట్టే బయటపడుతుంది. అప్పుడు క్లిప్పుల జుట్టుకు కూడా అదే గోరింటాకు పెట్టడమే నాకు దొరికిన ఉపాయం. అసలు జుట్టు కాబట్టి పట్టింది.

టేపు దగ్గరికి వస్తే, ఇది డబ్బున్నవారి పద్ధతి, చూడటానికి అందమైన పద్ధతి. మా ఊళ్లోనే ఒక పార్లరులో వేయించుకున్నాను. జుట్టుతో కలిపి 18,000 అయింది. ఒక్కో చోట, అదనపు జుట్టు అతికించి ఉన్న నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పల్చని జిగురు పట్టీలు రెండు, వాటి మధ్య సొంత జుట్టు సన్నని పొర ఒకటి. పైదీ కిందదీ అతుక్కుంటే అయిపోయింది. వేడి అక్కర్లేదు, గంటన్నరలో పూర్తి. పట్టీ చదునుగా ఉండటం వల్ల దిండు మీద పడుకున్నా ఏమీ తగలదు. అద్దంలో నన్ను నేనే నమ్మలేదు. ఆ మాట దాచను, పెళ్లిలో మా ఆడపడుచు నా వెనకే తిరిగి ఏ నూనె వాడుతున్నావని అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే అది, ఎందుకంటే టేపుకు శత్రువు నూనె. మొదటి రెండు రోజులు తల తడపకూడదు. ఆ తర్వాత కూడా కుదుళ్ల దగ్గర నూనె పడితే జిగురు కరుగుతుంది. టేపు ఊడదీయడానికి వాడే ద్రవాల్లో కొన్ని నూనె ఆధారంగా చేసినవే. కండిషనరు కూడా కొనలకే. వారానికొకసారి మాడుకు కొబ్బరినూనె మర్దన చేసుకుని కుంకుడుకాయతో రుద్దుకునే తలకు ఇది ఉపవాసం లాంటి శిక్ష. ఏప్రిల్ వచ్చేసరికి కడపలో ఎండ నలభై డిగ్రీలు దాటింది. హెల్మెట్ కింద చెమట, చెమట కింద టేపు. మెడ వెనక వరుసలో పట్టీల అంచులు లేచాయి, లేచిన అంచుకు సొంత వెంట్రుకలు అంటుకున్నాయి. దురద పెడితే గోటితో గోకడానికి లేదు, పట్టీ అడ్డం. పెన్ను మూతతో గోక్కున్నాను.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు వాటిని తీయించి, జుట్టు పెరిగిన మేరకు పైకి జరిపి మళ్లీ వేయించాలి. తీసే రోజు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ద్రవం చల్లి, జిగురు మెత్తబడేదాకా ఆగి, పట్టీని జార్చాలి. నాకు తీసిన అమ్మాయి ఆగలేదు. ఇంకెవరికో ఫేషియల్ ఉందట, పొడి పట్టీలనే పట్టుకుని లాగింది. గట్టిగా చెప్పాక నెమ్మదించింది. పట్టీలతోపాటు వచ్చిన జుట్టు చూసి నాకు కాళ్లు వణికాయి. ఇంటికి వచ్చి లెక్క వేశాను. మనిషికి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. నా తలలో సగం జుట్టు టేపుల్లో ఉందనుకుందాం, తక్కువ అంకె 50 తీసుకుందాం. రోజుకు 25 వెంట్రుకలు రాలి కూడా కింద పడకుండా పట్టీలోనే ఇరుక్కుంటాయి. యాభై రోజులకు 1,250. ఒకేసారి చూస్తే పిడికెడు. అంటే అందులో ఎక్కువ భాగం ఎలాగూ పోవాల్సిందే. లాగడం వల్ల తెగినది వేరే ఉంది, దానికి లెక్క లేదు. ‘తీసినందుకు వేరే బిల్లు మేడమ్’ అని కౌంటరు దగ్గర చెప్పినప్పుడు మాత్రం ఏ లెక్కతోనూ మనసు సర్దుకోలేదు. వేసే రోజే తీసే ధర, మళ్లీ వేసే ధర రాయించుకోండి. తీసేది ఎవరో కూడా అడగండి.

రింగులు, కెరాటిన్ నేను పెట్టుకోలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా ఆడపడుచు కూతురు రెండూ చేయించుకుంది, పండగలకు వచ్చినప్పుడు ఆ తల దువ్వింది నేనే. కెరాటిన్‌లో ఒక్కో కుచ్చు కొనకు బియ్యపు గింజంత ముద్ద ఉంటుంది. దాన్ని వేడి పనిముట్టుతో కరిగించి సొంత జుట్టు చుట్టూ నలిపి అతికిస్తారు. వందకు పైగా కుచ్చులు, కూర్చుంటే మూడు నాలుగు గంటలు. మూడు నాలుగు నెలలు ఉంటుంది. ఏ వైపు తల తిప్పినా, పైకి ఎత్తి కట్టినా అసలు జుట్టులాగే కదులుతుంది. సహజత్వంలో దీన్ని కొట్టేది లేదు. ధర చెబితే మా అత్తగారు మంచినీళ్లడుగుతారు కాబట్టి ఇంట్లో ఇంకా చెప్పలేదు. కుదురు పెరిగేకొద్దీ ముద్దలు కిందికి దిగుతాయి. దిగినకొద్దీ పక్క ముద్దతో మెలికపడి ఉండ కడతాయి, అందుకని రోజూ వేళ్లతో విడదీస్తూ ఉండాలి. తీసేటప్పుడు ద్రవం వేసి పట్టకారుతో నలిపి పొడి చేస్తారు.

మైక్రో రింగులకు వేడీ లేదు, జిగురూ లేదు. లోపల సిలికాన్ పొర ఉన్న చిన్న అల్యూమినియం పూసలోంచి సొంత జుట్టు, అదనపు కుచ్చు రెండూ దూర్చి పట్టకారుతో నొక్కుతారు. రెండు మూడు నెలలకు పూస విప్పి పైకి జరుపుకోవచ్చు, అదే జుట్టు మళ్లీ వాడుకోవచ్చు. కాగితం మీద చదివితే నాకు నచ్చినది ఇదే. దువ్వినప్పుడు నచ్చలేదు. దువ్వెన ప్రతి పూస దగ్గరా ఆగుతుంది, ప్రతి ఆగుడుకూ ఆ పిల్ల ‘అబ్బా అత్తా’ అంటుంది. ఒక్కో పూస బరువు కొన్ని వెంట్రుకల మీదే వేలాడుతుంది. ఒత్తుగా, గట్టిగా ఉన్న జుట్టు మోస్తుంది. జ్వరంతో ఊడి మిగిలిన నా జుట్టు మోయదు. పైగా పలచని తలలో పూసలు కనపడతాయి. దాని పైన హెల్మెట్ సంగతి మీరే ఊహించుకోండి.

కుట్టి పెట్టే పద్ధతి, అంటే సొంత జుట్టును మాడుకు అంటించి సన్న జడలుగా అల్లి వాటి మీద పట్టీలు కుట్టడం, ఆఫ్రికా సంతతి వారి ఉంగరాల జుట్టుకు, వారి చేతి నైపుణ్యానికి తగ్గది. మన జారే జుట్టులో ఆ అల్లిక నిలవదు, నిలిచేలా బిగిస్తే మాడు వాస్తుంది. వారాల తరబడి కుదుళ్లు సరిగా కడుక్కోలేకపోవడం ఒక్కటి చాలు నేను వద్దనడానికి.

నడినెత్తి పలచబడిన వారికి పైన చెప్పినవేవీ సరిగా కుదరవు. వారికి టాపర్ అనే చిన్న క్లిప్పుల విగ్గు ఉంది, పాపిట మీద పడుతుంది, సాయంత్రం తీసేయవచ్చు. అయితే అది కొనే ముందు రక్తంలో ఇనుము, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని చర్మవ్యాధుల డాక్టరును కలవండి. గుండ్రంగా పేనుకొరుకుడు మచ్చలు ఉన్నవారు, జుట్టు ఇంకా చురుగ్గా ఊడుతున్నవారు టేపు, రింగులు, కెరాటిన్ జోలికి పోకపోవడమే మంచిదని మా డాక్టరు గట్టిగానే చెప్పారు. నేను టేపు వేయించుకునేసరికి నా ఊడటం ఆగిపోయింది. ఆగలేదంటే ఒప్పుకునేదాన్ని కానన్నారు.

ఇప్పుడు బడికి నా సొంత జడే, పొట్టిగా. పెళ్లిళ్లకు, వ్రతాలకు సవరం. పాత నైలానుది తీసేసి, కుదుళ్లు ఒకవైపున్న జుట్టుతో చేసినది కొంచెం ఎక్కువ పెట్టి కొన్నాను. విడిగా నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, నీడలో వేలాడదీస్తాను, కొనల నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుతాను. టేపు మళ్లీ వేయించుకోను. విరబోసుకునే సందర్భాలకు క్లిప్పులు ఉన్నాయి, అంటే ఉండేవి. రింగులు తీయించేసిన మా ఆడపడుచు కూతురు సంక్రాంతికి వచ్చి, ఆఫీసులో ఏదో వేడుక ఉంది అత్తా, ఒక్కరోజుకు అని పట్టుకుపోయింది. ఉగాది కూడా వెళ్లిపోయింది.